పొరుగూరి సాక్ష్యం: తిరుపతి, చిత్తూరు ప్రాంత మాండలిక గణనలో ప్రాదేశిక స్వసహసంబంధం

పరిశోధన సారాంశం

మాండలిక సర్వేలో దగ్గరదగ్గరగా ఉన్న ఊళ్ళు ఇచ్చే సమాధానాలు ఒకదానినుంచి ఒకటి స్వతంత్రంగా ఉండవు. ఈ లక్షణాన్ని గణాంకశాస్త్రంలో ప్రాదేశిక స్వసహసంబంధం అంటారు. దీన్ని పట్టించుకోని పరీక్షలు లేని సంబంధాన్ని కూడా ఉన్నట్టు చూపగలవు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పరిధిని క్షేత్రంగా తీసుకొని ఈ చిక్కు ఎలా పుడుతుందో, దాన్ని ఎలా కొలవాలో, గణాంక నమూనాలో ఎలా చేర్చాలో ఈ వ్యాసం వివరిస్తుంది. ఏ ఊరికి ఏది పొరుగు అన్న నిర్ణయాన్ని గణాంకవేత్తకు వదిలేయకూడదనీ, భాషాపరిశోధకుడే దాన్ని చేయాలనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మాండలిక భూగోళం, ప్రాదేశిక స్వసహసంబంధం, గాల్టన్ సమస్య, మొరాన్ సూచిక, దక్షిణ మాండలికం, ఉమ్మడి చిత్తూరు జిల్లా.

1. ఉపోద్ఘాతం

మాండలికాల మీద వచ్చే సిద్ధాంత గ్రంథాల చివరి అధ్యాయంలో ఒక పట్టిక కనిపించడం ఇప్పుడు అరుదు కాదు. ఒక పదానికి ఉన్న రెండు మూడు రూపాలను తీసుకుంటారు. ఏ రూపం ఎన్ని ఊళ్ళలో వినిపించిందో లెక్కిస్తారు. ఆ లెక్కను వక్తల చదువుతోనో, వయస్సుతోనో, రాష్ట్ర సరిహద్దుకు ఉన్న దూరంతోనో పోల్చి కై-వర్గ పరీక్ష చేస్తారు. వచ్చిన విలువ పట్టికలోని హద్దును దాటితే సంబంధం నిరూపితమైందని రాస్తారు. లెక్కలో తప్పుండదు. పరీక్ష కూడా పాఠ్యపుస్తకంలో ఉన్నదే. అయితే ఆ పరీక్షకు ఒక షరతు ఉంది. పట్టికలో చేరిన ప్రతి ఊరూ విడి సాక్షి అయి ఉండాలి.

ఒక తగాదాలో పదిమంది సాక్షులు ఒకే మాట చెప్పారనుకుందాం. ఆ పదిమందీ ఎవరి కళ్ళతో వాళ్ళు చూసి చెబితే అది పది సాక్ష్యాలు. ఒకడు చూసి మిగిలిన తొమ్మిదిమందికి చెబితే అది ఒక్క సాక్ష్యమే. మాండలిక సర్వేలో ఊళ్ళు ఎక్కువగా రెండో రకానికి దగ్గరగా ఉంటాయి. పొరుగూరి మాట ఈ ఊరికి సంతలో వస్తుంది, పెళ్ళి సంబంధంతో వస్తుంది, కూలి పనికి వెళ్ళినవారి నోట వస్తుంది. అసలు మాండలికం అనేది ఏర్పడే తీరే అది. దగ్గరి ఊళ్ళు ఒకేలా మాట్లాడకపోతే మాండలిక పటంలో గీతలు గీయడానికి ఏమీ ఉండేది కాదు. అందువల్ల తెలుగు పరిశోధకుడికి ప్రాదేశిక స్వసహసంబంధం రెండు విధాలుగా ఎదురవుతుంది. అతడు అధ్యయనం చేస్తున్న విషయం అదే. అతని పరీక్షను చెడగొడుతున్నదీ అదే.

2. గాల్టన్ అడిగిన ప్రశ్న

ఈ చిక్కును మొదట బయటపెట్టిన సందర్భం మానవశాస్త్రానిది. 1888 నవంబరులో లండన్‌లోని ఆంత్రొపలాజికల్ ఇన్‌స్టిట్యూట్ సభలో ఎడ్వర్డ్ బర్నెట్ టైలర్ ఒక పత్రం సమర్పించాడు. సుమారు 350 జాతుల వివాహ, వారసత్వ ఆచారాలను పట్టికలుగా కూర్చి, ఫలానా ఆచారం ఉన్నచోట ఫలానా ఆచారం కూడా ఉంటుందని అంకెలతో చూపాడు. సభకు అధ్యక్షత వహించిన ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక సందేహం లేవనెత్తాడు. ఈ జాతుల్లో ఎన్ని తమ ఆచారాలను స్వతంత్రంగా ఏర్పరచుకున్నాయి, ఎన్ని పొరుగు జాతులనుంచో, ఒకే మూలంనుంచో పొందాయి? అది తెలియకుండా 350 అన్న అంకెకు ఉన్న బలం ఎంతో చెప్పలేమని ఆయన అభ్యంతరం. మరుసటి ఏడు ఆ పత్రంతోపాటు చర్చ కూడా అచ్చయింది. నాటినుంచి దీనికి గాల్టన్ సమస్య అనే పేరు నిలిచింది.

వ్యవసాయ ప్రయోగాలు చేసేవారికి ఇదే చిక్కు పొలంలో ఎదురైంది. పక్కపక్క మళ్ళ దిగుబడి ఒకేలా ఉంటుంది, కారణం ఎరువు కావచ్చు, నేల కావచ్చు. 'స్టూడెంట్' అనే మారుపేరుతో రాసిన గాసెట్ 1914లోనే కాలంలోనో స్థలంలోనో ఉన్న స్థానం వల్ల పుట్టే మిథ్యా సహసంబంధం గురించి రాశాడు. మన దేశంలో బెంగాల్ జనుము సర్వేలు నడిపిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ దగ్గరి క్షేత్రాల మధ్య పోలికను గుర్తించి, ఎంత పెద్ద గళ్ళను, ఎన్నింటిని, ఎంత దూరంలో ఎంచుకోవాలో దానిని బట్టి నిర్ణయించాడు. పెద్ద సర్వేల మీద ఆయన రాసిన ప్రసిద్ధ పత్రం 1944లో వెలువడింది. రైతుకు ఇందులో కొత్త ఏమీ లేదు. ఒక మడిలో చెనిక్కాయ బాగా ఊరితే పక్క మడిలో కూడా ఊరుతుందని అతనికి ముందే తెలుసు.

3. క్షేత్రం: పీఠభూమి, మైదానం, మూడు భాషలు

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు జిల్లానుంచి కొన్ని తాలూకాలూ జమీందారీ ప్రాంతాలూ, కడప జిల్లానుంచి మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలూ కలిపి దాన్ని కూర్చారు. అంటే పుట్టుకతోనే అది రెండు వేరువేరు ప్రాంతాల అతుకు. పడమటి భాగం మైసూరు పీఠభూమికి కొనసాగింపు. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. తూర్పు భాగం పల్లానికి దిగుతుంది. తిరుపతి ఎత్తు 200 మీటర్లలోపే. పడమట పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపు కన్నడ సంపర్కం ఉంది. తూర్పునా దక్షిణానా నగరి, సత్యవేడు, చిత్తూరు వైపు తమిళ సంపర్కం ఉంది. కుప్పం ప్రాంతంలో మూడు రాష్ట్రాల హద్దులు దగ్గరపడతాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ నెలకొల్పడంలో ఈ భాషాస్థితికి ఉన్న ప్రాధాన్యం తెలిసిందే.

తెలుగు మాండలిక అధ్యయనానికి శాస్త్రీయమైన పునాది వేసిన భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వెళ్ళేముందు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఆయన సంపాదకత్వంలో 'మాండలిక వృత్తి పదకోశం' మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురణగా వచ్చింది. చేనేత పదాల సంపుటం 1971లో వెలువడింది. తెలుగు దేశాన్ని పూర్వ, మధ్య, దక్షిణ, ఉత్తర మండలాలుగా విభజించడానికి ఈ వృత్తిపదాల వ్యాప్తి ఆధారమైంది. రాయలసీమ అంతా దక్షిణ మండలంలో చేరింది. మధ్య మండలంలో 'నాగలి' అన్నదాన్ని ఇక్కడ 'మడక' అనడం అందరికీ తెలిసిన భేదం. 'ఉన్నాడు' స్థానంలో వినిపించే 'ఉండాడు' నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథల పాఠకులకు పరిచితమే.

కృష్ణమూర్తి తరం ఈ పటాలను గీసినప్పుడు వారి ప్రశ్న ఏ రూపం ఎక్కడ ఉంది అన్నది. దానికి ఊరి పక్క ఊరు ఒకే సమాధానం ఇవ్వడం ఆటంకం కాకపోగా సహాయం. నేటి పరిశోధకుడి ప్రశ్న మారింది. ఆ రూపం అక్కడ ఎందుకు ఉంది అని అతడు అడుగుతున్నాడు. తమిళ ప్రభావమా, చదువా, వృత్తా అని తేల్చాలనుకుంటున్నాడు. ప్రశ్న మారినా లెక్క పద్ధతి మారకపోవడమే ఇక్కడి ఇబ్బంది.

పైన చెప్పిన భూస్వరూపాన్ని మరోసారి చూస్తే ఇబ్బంది స్పష్టమవుతుంది. తూర్పునుంచి పడమటికి పోయేకొద్దీ ఎత్తు పెరుగుతుంది, ఈశాన్య ఋతుపవనాల వాన తగ్గుతుంది, తమిళ ప్రాంతానికి దూరం మారుతుంది, కన్నడ ప్రాంతం దగ్గరవుతుంది, పంటలు మారుతాయి. మాట కూడా మారుతుంది. ఇలా ఒకే దిశలో క్రమంగా మారే రెండు విషయాలను జత చేస్తే సహసంబంధం దాదాపు ఖాయంగా కనిపిస్తుంది. సముద్రమట్టం నుంచి ఎత్తు పెరిగితే క్రియారూపం మారుతుందని ఎవరూ రాయరు, ఆ మాట నవ్వు పుట్టిస్తుంది కనుక. అదే అంకెలతో 'సరిహద్దు దూరం తగ్గితే తమిళ ప్రభావం పెరుగుతుంది' అంటే ఎవరికీ నవ్వు రాదు. రెండు వాక్యాల వెనక ఉన్న గణాంక బలం మాత్రం ఒకటే.

4. ఎనిమిది ఊళ్ళ లెక్క

పోలికను కంటితో చూడటం సులువు, కాని కన్ను మోసం చేస్తుంది. అచ్చంగా యాదృచ్ఛికంగా చల్లిన చుక్కల్లో కూడా మనిషి గుంపులను చూడగలడు. అందుకే కొలత కావాలి. ఒక రూపం ఉంది, లేదు అనే రకం సమాచారానికి పొరుగు జంటలను లెక్కించే పద్ధతిని 1940ల చివర పాట్రిక్ మొరాన్, భారతీయ గణాంకవేత్త పి. వి. కృష్ణ అయ్యర్ అభివృద్ధి చేశారు. మొరాన్ 1950లో ప్రతిపాదించిన సూచిక నేడు అన్నిటికన్నా ఎక్కువగా వాడుకలో ఉంది. దాని తర్కాన్ని చేతి లెక్కతో అర్థం చేసుకోవచ్చు.

ఒక దారి వెంట వరుసగా ఎనిమిది ఊళ్ళు ఉన్నాయని ఊహిద్దాం. నాలుగింటిలో 'క' రూపం, నాలుగింటిలో 'చ' రూపం. 'క'కు 1, 'చ'కు 0 వేస్తే సగటు 0.5. ప్రతి ఊరి విచలనం 0.5 గానీ, మైనస్ 0.5 గానీ అవుతుంది. పక్కపక్క ఊళ్ళ జంటలు ఏడు. ప్రతి జంటలో రెండు విచలనాలను గుణిస్తే, ఇద్దరిదీ ఒకే మాట అయితే 0.25, వేరు మాట అయితే మైనస్ 0.25 వస్తుంది. ఈ ఏడు లబ్ధాల సగటును, విచలనాల వర్గాల సగటు అయిన 0.25తో భాగిస్తే వచ్చేదే మొరాన్ సూచిక.

మొదటి నాలుగు ఊళ్ళూ 'క', తర్వాతి నాలుగూ 'చ' అయితే ఆరు జంటలు కలుస్తాయి, ఒకటి విడిపోతుంది. సూచిక 0.71. ఒక ఊరు 'క', దాని పక్కది 'చ', మళ్ళీ 'క' అన్నట్టు మారుతూ పోతే అన్ని జంటలూ విడిపోయి సూచిక మైనస్ 1 అవుతుంది. క, క, చ, చ, క, చ, చ, క అనే వరుసకు మూడు జంటలు కలిసి నాలుగు విడిపోతాయి. సూచిక మైనస్ 0.14. ఎనిమిది ఊళ్ళలో ఏ క్రమమూ లేకపోతే సగటున రావలసిన విలువ కచ్చితంగా ఇదే. చాలామంది సున్నాను క్రమరాహిత్యానికి గుర్తుగా తీసుకుంటారు. ఊళ్ళ సంఖ్య తక్కువైనప్పుడు అది సరికాదు. మొత్తం ఊళ్ళలోంచి ఒకటి తీసేసి, ఆ సంఖ్యతో ఒకటిని భాగించి, ముందు మైనస్ పెట్టాలి.

0.71 పెద్దదా, చిన్నదా? దీనికీ సూత్రాల అవసరం లేదు. ఎనిమిది ఊళ్ళలో నాలుగింటికి 'క'ను పంచే విధాలు 70. వాటిలో ఒకే ఒక్క చోట మాట మారే వరుసలు రెండే. అంటే యాదృచ్ఛికంగా ఇలాంటి అమరిక వచ్చే అవకాశం 70లో 2, సుమారు 3 శాతం. ఊళ్ళు అరవై అయితే ఈ పంపకాలన్నీ చేతితో రాయలేం కనుక కంప్యూటర్ కొన్ని వేల పంపకాలు చేసి చూపుతుంది. చేసే పని ఇదే. ఆర్, జియోడా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఈ సౌకర్యం ఉంది.

5. అరవై ఊళ్ళు ఎన్ని ఊళ్ళు?

ఇక పరీక్ష ఎలా చెడుతుందో చూడాలి. ఇదీ ఊహించిన ఉదాహరణే. ఒక పరిశోధకుడు అరవై ఊళ్ళలో సర్వే చేశాడనుకుందాం. ముప్పై ఊళ్ళు తమిళనాడు సరిహద్దుకు దగ్గర, ముప్పై దూరం. దగ్గరి ఊళ్ళలో ఇరవైలో 'క' రూపం వినిపించింది. దూరపు ఊళ్ళలో పదింటిలోనే వినిపించింది. కై-వర్గ విలువ 6.67. అయిదు శాతం స్థాయికి హద్దు 3.84 కనుక సంబంధం ఉన్నట్టే తేలుతుంది.

అయితే ఆ అరవై ఊళ్ళు ఎలా వచ్చాయి? బస్సు సౌకర్యం, బంధువుల ఇల్లు, తెలిసిన ఉపాధ్యాయుడు ఉన్న ఊరు చూసుకొని ఆరు కేంద్రాల చుట్టూ పదేసి ఊళ్ళు తిరిగాడు. ఇందులో తప్పు పట్టవలసింది లేదు. ఉపకార వేతనం మీద క్షేత్రపర్యటన చేసేవారు చాలావరకు చేసేది ఇదే. ఒకే కేంద్రం చుట్టూ ఉన్న పది ఊళ్ళ మధ్య పోలికను తెలిపే గుణకం 0.5 అనుకుందాం. సర్వే గణాంకశాస్త్రంలో దీనికొక సరళమైన సవరణ ఉంది. గుంపులోని ఊళ్ళ సంఖ్యలోంచి ఒకటి తీసేసి, దాన్ని ఆ గుణకంతో గుణించి, ఒకటి కలపాలి. తొమ్మిదిని 0.5తో గుణించి ఒకటి కలిపితే 5.5. అరవైని 5.5తో భాగిస్తే సుమారు 11. అరవై ఊళ్ళు తిరిగిన శ్రమకు పదకొండు స్వతంత్ర ఊళ్ళ సాక్ష్యమే దక్కింది. కై-వర్గ విలువను కూడా 5.5తో భాగిస్తే 1.21 అవుతుంది. 3.84కు అది చాలా దూరం. నిరూపితమైందనుకున్న సంబంధం నిలవలేదు.

గుంపులుగా ఎంచుకున్న సర్వేలలో కై-వర్గ పరీక్షను ఇలా సవరించే సిద్ధాంతాన్ని ఏలూరులో పుట్టి కెనడాలో స్థిరపడిన గణాంకవేత్త జె. ఎన్. కె. రావు, ఎ. జె. స్కాట్‌తో కలిసి 1981లో ప్రతిపాదించారు. పై లెక్క దాని అతి సరళ రూపం.

ఒకే ఊళ్ళో అయిదుగురిని అడిగి అయిదు సమాధానాలుగా పట్టికలో వేయడం ఇంకా ప్రమాదకరం. ఒక వీధి వాళ్ళ మధ్య పోలిక రెండు ఊళ్ళ మధ్య పోలికకన్నా బలమైనది. ఇరవై ఊళ్ళలో వందమంది వక్తలు అంటే వంద అన్న అంకె బాగుంటుంది. ఊరి స్థాయి కారణాన్ని, అంటే సరిహద్దు దూరం వంటిదాన్ని, పరీక్షించేటప్పుడు మాత్రం ఇరవైని మించిన సాక్షులు లేరు. ఇరవైలోనూ ఎందరో పైలెక్క చెబుతుంది.

6. పొరుగు అంటే ఏది?

మొరాన్ లెక్కలో ఒక మాట ప్రశ్న లేకుండా దాటిపోయింది. పక్కపక్క ఊళ్ళు అన్నాం. దారి వెంట వరుసగా ఉన్న ఊళ్ళకు అది సరిపోతుంది. నిజమైన పటంలో ఏ ఊరికి ఏది పొరుగో పరిశోధకుడే చెప్పాలి. గణాంకవేత్తలు దీన్ని భారాల పట్టిక అంటారు. ప్రతి రెండు ఊళ్ళ మధ్య సంబంధానికి ఒక భారం ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్‌ను అలాగే వదిలేస్తే హద్దు కలిసిన మండలాలనో, సరళరేఖలో దగ్గరున్న ఊళ్ళనో పొరుగుగా తీసుకుంటుంది. ఈ ప్రాంతంలో ఆ రెండూ తప్పుదారి పట్టించగలవు.

తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలు అడ్డంగా ఉన్నాయి. కొండకు ఈవలి ఊరు, ఆవలి కోడూరు ప్రాంతపు ఊరు పటం మీద దగ్గర. మనుషుల రాకపోకలకు దూరం. తిరుపతినుంచి పీలేరు, మదనపల్లె వైపు పోయే దారి భాకరాపేట కనుమ ఎక్కుతుంది. చిత్తూరునుంచి పలమనేరు పోయే దారి మొగిలి కనుమ ఎక్కుతుంది. కనుమకు కింద ఒక సంత, పైన ఒక సంత ఉంటే, మధ్య దూరం ఎంత తక్కువైనా పదాలు ఆ మేరకు ఆగుతాయి. మరోవైపు రహదారి బాగున్న చోట ఇరవై కిలోమీటర్ల ఊరు కూడా పొరుగే. పెళ్ళి సంబంధాలు ఇంకొక పటం గీస్తాయి. మేనరికాలు పాటించే కుటుంబాల్లో ఒక ఊరి ఆడపిల్లలు తరతరాలుగా అవే నాలుగైదు ఊళ్ళకు కోడళ్ళుగా వెళ్తారు. వంటింటి పదాల వ్యాప్తికి మండల సరిహద్దుకన్నా ఈ పటమే సరైన ఆధారం. సేద్యపు పదాలకు కూలీల రాకపోకలు, పశువుల సంతలు ఆధారం. ఒకే సర్వేలో రెండు రకాల పదాలకు రెండు భారాల పట్టికలు కావలసి రావచ్చు.

పట్టణాల విషయం వేరు. కొత్త రూపం తిరుపతినుంచి పక్క పల్లెకు, అక్కడినుంచి ఆ పక్క పల్లెకు నడిచి వెళ్ళదు. మదనపల్లెకో చిత్తూరుకో దూకి, అక్కడినుంచి చుట్టుపక్కలకు దిగుతుంది. బ్రిటిష్ భాషావేత్త పీటర్ ట్రడ్‌గిల్ 1974లో జనాభానూ దూరాన్నీ కలిపి ఈ రకం వ్యాప్తిని లెక్కగట్టే నమూనాను చూపాడు. అంతకు మూడేళ్ళ ముందు ఫ్రాన్స్‌లో జాన్ సెగీ ఊళ్ళ మధ్య దూరం పెరిగేకొద్దీ పదాల భేదం మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా పెరుగుతుందని గాస్కనీ ప్రాంతపు పటాలతో నిరూపించాడు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో ఏర్పడినప్పటినుంచి జిల్లాల యువతను ఒకచోట చేరుస్తున్న తిరుపతికి సెగీ సూత్రం ఒక్కటే చాలదు. ఇద్దరినీ కలిపి చదవాలి.

పరిశోధకుడి క్షేత్రజ్ఞానం విలువ ఇక్కడే తెలుస్తుంది. సూత్రం ఎవరైనా వేయగలరు. ఏ ఊరి వాళ్ళు ఏ సంతకు పోతారో ఊరు తిరిగినవారికే తెలుస్తుంది. అందుచేత ప్రశ్నావళిలో పదాలతోపాటు మూడు ప్రశ్నలు అదనంగా ఉండాలి: సంతకు ఎక్కడికి పోతారు, కోడళ్ళు ఎక్కడినుంచి వచ్చారు, పిల్లలు ఏ ఊరి బడిలో, కళాశాలలో చదువుతారు.

7. నమూనాలో చేర్చే విధాలు

పోలిక ఉందని తేలగానే ఆగిపోవడం ఒక సాధారణమైన పొరపాటు. మాండలిక సమాచారంలో మొరాన్ సూచిక పెద్దదిగా రావడం విశేషం కాదు, రాకపోతేనే విశేషం. చూడవలసింది అవశేషాలను. అంటే చదువు, వయస్సు, సంపర్కం వంటి కారణాలతో ప్రతిగమన నమూనా కట్టి, అది వివరించగలిగినంత వివరించాక మిగిలిన తేడాలను. ఆ మిగిలినదానిలో కూడా పొరుగూళ్ళు ఒకేలా ఉంటే నమూనాలో ఏదో లోపించింది.

ఆ లోపాన్ని రెండు విధాలుగా అర్థం చేసుకోవచ్చు. మొదటిది, ఒక ఊరి మాట మీద పొరుగూరి మాటకే నేరుగా ప్రభావం ఉండటం. అప్పుడు పొరుగూళ్ళ సగటు వాడుకను కూడా ఒక కారణంగా నమూనాలో చేర్చాలి. దీన్ని ప్రాదేశిక విలంబన నమూనా అనవచ్చు. రెండోది, కొలవని కారణమేదో పొరుగూళ్ళకు ఉమ్మడిగా ఉండటం. పాత జమీందారీ పరిధి, ఒకప్పటి వలస, నీటి వసతి ఇలాంటివి. అప్పుడు దోషపదాల్లోనే పోలికను అనుమతించాలి. ఇది ప్రాదేశిక దోష నమూనా. క్లిఫ్, ఆర్డ్ 1973లో వేసిన దారిలో 1988లో లూక్ ఆన్‌సెలిన్ రాసిన గ్రంథం తర్వాత ఈ రెండింటి మధ్య ఎంపికకు పరీక్షలు కూడా స్థిరపడ్డాయి. కాని భాషావేత్తకు ఈ ఎంపిక పరీక్షా ఫలితం మాత్రమే కాదు. మొదటిదాన్ని ఎంచుకుంటే ఆదాన ప్రదానాల మీద వాదం చేస్తున్నట్టు. రెండోదాన్ని ఎంచుకుంటే ఉమ్మడి చరిత్ర మీద వాదం చేస్తున్నట్టు. ఏది ఎంచుకున్నారో, ఎందుకో గ్రంథంలో రాయాలి.

సమాచారం ఉంది, లేదు రకానిది కనుక లాజిస్టిక్ ప్రతిగమనంలో ఊరికీ, ఊళ్ళ గుంపుకూ యాదృచ్ఛిక ప్రభావాలను చేర్చడం చాలా సందర్భాల్లో ఆచరణయోగ్యం. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ప్రాదేశిక ప్రభావాన్ని చేర్చగానే సరిహద్దు దూరం ప్రభావం మాయమైతే తమిళ ప్రభావం లేదని నిరూపణ అయినట్టు కాదు. దూరమే ప్రాదేశికమైన విషయం కనుక ఆ రెండూ ఒకే తేడా కోసం పోటీపడతాయి. హాడ్జెస్, రైక్ 2010లో ఈ గందరగోళాన్ని వివరంగా చర్చించారు. ఇలాంటప్పుడు ఈ సమాచారంతో రెండింటినీ విడదీయలేమని రాయడమే నిజాయితీ. ఆ వాక్యం రాసినంతమాత్రాన సిద్ధాంత గ్రంథం విలువ తగ్గదని పర్యవేక్షకులు కూడా అంగీకరించవలసి ఉంది.

విడదీయాలంటే మరో చోటి సాక్ష్యం కావాలి. 'అంగడి' అనే మాటను తీసుకుందాం. కోస్తాలో కొట్టు, తెలంగాణలో దుకాణం అన్నదాన్ని చిత్తూరు వైపు అంగడి అంటారు. తమిళంలోనూ ఆ మాట ఉంది కనుక చిత్తూరు పటం ఒక్కటే చూస్తే తమిళ ప్రభావమని అనిపిస్తుంది. అనంతపురం వైపు కూడా అంగడే. అక్కడ పక్కనున్నది కన్నడం, కన్నడంలోనూ అంగడి ఉంది. పైగా పాత తెలుగు కావ్యభాషకు అది కొత్త మాట కాదు. ఇతర మండలాల్లో కొత్త మాటలు వచ్చి పాత మాట ఇక్కడ నిలిచిందన్న వివరణకు అంతే బలం ఉంది. గాల్టన్ ప్రశ్నకు తగిన సమాధానం ఇలాగే దొరుకుతుంది: తమిళ సంపర్కం ఉన్న, ఒకదానితో ఒకటి రాకపోకలు లేని రెండు మూడు తెలుగు ప్రాంతాల్లో ఒకే మార్పు విడివిడిగా కనిపిస్తే ఆ వాదం నిలుస్తుంది. చిత్తూరులో మరో ముప్పై ఊళ్ళు కలిపితే నిలవదు.

8. హద్దులు మారినప్పుడు

మండలాల వారీగా శాతాలు వేసి పోల్చే పద్ధతికి మరో బలహీనత ఉంది. గీతలు మారితే శాతాలు మారతాయి, ఊళ్ళలో ఎవరి మాటా మారకపోయినా. స్టాన్ ఓపెన్‌షా దీని మీద ఎంతో రాశాడు. ఈ ప్రాంతంలో దీనికి ఉదాహరణ వెతకనక్కరలేదు. తాలూకాల స్థానంలో 1985లో మండలాలు వచ్చాయి. ఉమ్మడి జిల్లాలో 66 మండలాలుండేవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో తిరుపతి జిల్లా ఏర్పడి, నెల్లూరు జిల్లానుంచి గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి ప్రాంతాలు అందులో చేరాయి. మదనపల్లె ప్రాంతం అన్నమయ్య జిల్లాకు వెళ్ళింది. 'తిరుపతి జిల్లా మాండలికం' అని ఇప్పుడు పేరు పెడితే అందులో నెల్లూరు పలుకుబడి కొంత శాతంగా వచ్చి చేరుతుంది. పాత గ్రంథంలోని చిత్తూరు అంకెతో కొత్త చిత్తూరు అంకెను పోల్చి మాండలికం మారిందని రాసే ప్రమాదం ఉంది. సమాచారాన్ని ఊరి స్థాయిలో, జనగణన గ్రామ సంఖ్యతో, అక్షాంశ రేఖాంశాలతో అనుబంధంలో ఇస్తే ఏ హద్దుకైనా మళ్ళీ కూర్చుకోవచ్చు. అక్షాంశ రేఖాంశాలు చేతిలోని ఫోన్‌లోనే దొరుకుతాయి. వక్తల పేర్లు ఇవ్వనక్కరలేదు.

అంతకన్నా లోతైన చిక్కు అంచుది. ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాల మధ్య సరిహద్దు సవరణ 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. అంతవరకు చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు వైపు ఊళ్ళు ఇటు వచ్చాయి. వృత్తి పదకోశం మొదటి సంపుటం వెలువడినది ఆ తర్వాత రెండేళ్ళకే. అప్పటినుంచి మన మాండలిక పటాలు ఆ గీత దగ్గర ఆగుతున్నాయి. గీతకు అవతలి తెలుగు కుటుంబాలు పటంలో లేవు. గణాంక పరంగా దీని ఫలితం స్పష్టం. అంచు ఊళ్ళకు ఒక వైపు పొరుగే ఉండదు. వాటి సగటు ఇవతలి ఊళ్ళతోనే లెక్కకొస్తుంది. ఏ ఊళ్ళలో తమిళ సంపర్కాన్ని పరీక్షించాలో సరిగ్గా ఆ ఊళ్ళ పొరుగు సమాచారమే సగం తెగిపోతుంది.

దీనికి సూత్రాల్లో సవరణలు ఉన్నాయి గానీ, అవి తెలియని పొరుగును ఊహించేవే. క్షేత్రపర్యటన ఇంకా చేతిలో ఉన్న పని కనుక, సర్వే పరిధిని హద్దు అవతలికి ఇరవై ముప్పై కిలోమీటర్లు పొడిగించడం అంతకన్నా మేలు. ఆ ఊళ్ళలో తెలుగు బడిలో చదవని తరం, తెలుగు ఇంటి భాషగా మాత్రమే వాడే తరం ఇప్పటికే పెద్దదైంది. వృత్తిపదాలు తెలిసిన వృద్ధులు రెండు వైపులా తగ్గిపోతున్నారు. ఈ పదేళ్ళలో అడగని ప్రశ్నకు తర్వాత ఏ నమూనా సమాధానం ఇవ్వలేదు. తిరుత్తణి చుట్టుపక్కల పది తెలుగు ఊళ్ళు పట్టికలో చేరితే నగరి అంచు ఊరుగా ఉండదు. నాలుగు వైపులా పొరుగు ఉన్న ఊరుగా లెక్కకొస్తుంది.